నదీతీరం పనిలో ‘60 శాతం పూర్తి’ అంటే ఏమిటి? కర్నూలు కోసం ఒక సమాధానం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఈమధ్య అహ్మదాబాద్ వెళ్లి సబర్మతి తీరం చూసి వచ్చారు, మన కర్నూలులో తుంగభద్ర ఒడ్డును కూడా ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీ కలిసి అట్లా తీర్చిదిద్దవచ్చు కదా అన్నది మొదటిది. ఇలాంటి ప్రాజెక్టుల గురించి ‘పని 60 శాతం పూర్తి’ అని వార్త వస్తే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి అన్నది రెండోది. చివర్లో ఒక మాట కలిపారు: మీ ఇల్లు జోహరాపురం వైపు హంద్రీ ఏటికి దగ్గర్లోనే ఉంది, తీరం అభివృద్ధి అనే మాట వినబడితే చాలు అమ్మకు నిద్ర పట్టడం లేదని. నేను ఆ చివరి మాట నుంచే మొదలుపెడతాను. మీ రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

నా గురించి రెండు ముక్కలు. పుట్టింది కర్నూలు పాతబస్తీలో. ముప్పై ఏళ్లకు పైగా నీటిపారుదల, పట్టణ మౌలిక వసతుల పనుల్లో ఇంజినీరుగా చేశాను. చివరి కొన్నేళ్లు వేరే రాష్ట్రాల్లో పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) పనులకు ఇండిపెండెంట్ ఇంజినీర్ బృందాల్లో ఉన్నాను. అంటే ప్రభుత్వానికీ, కంపెనీకీ మధ్య నిలబడి పని ఎంతయిందో కొలిచి సంతకం పెట్టే ఉద్యోగం.

2009 అక్టోబరు 2న నేను ఇక్కడే ఉన్నాను, తమ్ముడూ. పైనుంచి తుంగభద్ర పొంగి వస్తోందని అందరం కరకట్ట వైపే చూస్తున్నాం. మా వీధిలోకి నీళ్లు వచ్చింది మాత్రం వెనక నుంచి. ముందు మురుగు కాలువలు ఎదురు తన్నాయి. వీధిలో నీళ్లు పల్లానికి పోవాల్సింది పోయి మా గడప వైపు పారుతుంటే మా నాన్న చూసి, ‘హంద్రీ ఎక్కుతోంది, మిద్దె మీదికి పదండి’ అన్నాడు. ఆయన చదువుకోలేదు. కానీ నాకు డిగ్రీలో చెప్పిన బ్యాక్‌వాటర్ పాఠం ఆయనకు ఆ నీళ్లు పారే వైపు చూడగానే తెలిసింది. ఆ రాత్రంతా మిద్దె మీదే ఉన్నాం.

అట్లా ఎందుకయిందో అర్థం చేసుకోకుండా కర్నూలు తీరం గురించి ఏ బొమ్మ గీసినా తప్పే. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఆ రోజుల్లో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడి మట్టం 896 అడుగులు దాటింది. కింద జలాశయం అంత ఎత్తున నిలబడితే పైన తుంగభద్ర దిగదు. తుంగభద్ర దిగకపోతే, మన ఊళ్లోనే దాంట్లో కలవాల్సిన హంద్రీకి పోయే దారి ఉండదు. అది వచ్చిన దారినే వెనక్కి ఎగదన్ని ఊరి నడుమన పరుచుకుంటుంది. కర్నూలుకు ముంపు మూడు వైపుల నుంచి వస్తుంది: పైనుంచి తుంగభద్ర, పక్క నుంచి హంద్రీ, కింద నుంచి శ్రీశైలం వెనుక జలాలు. సబర్మతికి ఈ మూడో వైపు లేదు.

ఒక్క తుంగభద్ర వెంట గోడ కట్టి, దాని మీద నడకదారి, దీపాలు, బెంచీలు పెడితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2024 సెప్టెంబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి, అది రికార్డు. కృష్ణలంక దగ్గర కట్టిన రిటైనింగ్ వాల్ నిలబడింది, దాని వెనక ఉన్న వేల ఇళ్లను కాపాడింది. ఆ గోడను నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ అదే వరదల్లో అవతలి పక్క బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. పెద్ద నదికి గోడ ఉంది, చిన్న ఏటికి లేదు. మన దగ్గర ఆ చిన్న ఏరు హంద్రీ. కడపలో 2001లో బుగ్గవంక ఊరి మీద పడింది, దాని తర్వాతే వంకకు రెండు వైపులా రక్షణ గోడల పని పట్టుకున్నారు. ఏడాదిలో ఎక్కువ రోజులు పాదం తడవని వంకలే మన సీమ ఊళ్లను ముంచుతాయి.

కాబట్టి కర్నూలు తీరం నమూనా ఎవరైనా మీ ముందు పెడితే మొదట చూడాల్సింది తుంగభద్ర ఒడ్డు బొమ్మ కాదు, హంద్రీ కలిసే చోట ఏం గీశారో చూడండి. గోడ ఆ మూల దగ్గర ఆగిపోయిందా, లేక మలుపు తిరిగి హంద్రీ రెండు గట్ల వెంట పైకి వెళ్లి, వెనుక జలాలు అందనంత ఎత్తు దాకా సాగిందా? ఊరి మురుగు, వాన కాలువలు నదిలో కలిసే ప్రతి నోటికీ ఎదురు నీటిని ఆపే ఫ్లాప్ గేటు ఉందా? ఆ గేట్లు మూసుకున్న సమయంలో ఊళ్లో కురిసే వాన ఎక్కడికి పోవాలి? దాన్ని తోడిపోసే పంపులు కావాలి, ఆ పంపులకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వరద మట్టానికి పైన ఉండాలి. ఈ నాలుగూ బొమ్మలో లేకపోతే ఆ గోడ ఊరికి తొట్టి గోడ అవుతుంది. బయట నీళ్లు ఆగుతాయి, లోపలి నీళ్లు బయటికి పోవు.

ఇక అహ్మదాబాద్ సంగతి. మీరు చూసిన తీరం ఒక్కరోజులో వచ్చింది కాదు. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1997లో దానికోసం ప్రత్యేకంగా ఒక కంపెనీ పెట్టింది. నిర్మాణం మొదలైంది 2005లో. మీరు నడిచిన ఆ నడకదారి జనానికి తెరిచింది 2012 ఆగస్టులో. చాలామంది దాన్ని ప్రైవేటు కంపెనీ కట్టింది అనుకుంటారు. ఆ కంపెనీ పూర్తిగా నగరపాలక సంస్థదే. అప్పులు తెచ్చి కట్టి, తర్వాత కొంత భూమి అమ్మి ఆ అప్పు తీర్చుకోవాలన్నది లెక్క. ఆ భూమి ఎక్కడి నుంచి వచ్చింది? నదిలో నుంచే. సబర్మతి ఊళ్లో ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా పారేది. దాన్ని పదకొండు కిలోమీటర్ల పొడవునా ఒకే తీరుగా 263 మీటర్ల వెడల్పుకు కుదించి, రెండు వైపులా గోడలు కట్టి, వెనక మట్టి నింపితే సుమారు 200 హెక్టార్ల కొత్త నేల తేలింది. అందులో అమ్మకానికి పెట్టింది కొద్ది భాగమే, ఎక్కువ భాగం పార్కులకు, రోడ్లకు పోయింది. అక్కడి ఇంజినీర్లు 4.7 లక్షల క్యూసెక్కుల వరదకు లెక్కలు వేసి ఆ వెడల్పు చాలునన్నారు.

మనకు కిటుకు ఇక్కడే ఉంది, నిదానంగా చదవండి. మనం తుంగభద్రను అట్లా కుదించలేం. 2009 చూసిన ఊళ్లో నది వెడల్పును ఒక మీటరు తగ్గించే హక్కు కూడా ఎవరికీ లేదని నా గట్టి నమ్మకం. నదిని కుదించకపోతే కొత్త భూమి పుట్టదు. భూమి పుట్టకపోతే అమ్మడానికేమీ ఉండదు. అమ్మడానికేమీ లేకపోతే ఆ గోడల ఖర్చు తిరిగి రాదు. అంటే వరద లెక్కే డబ్బు లెక్కను కూడా తేల్చేస్తుంది. అహ్మదాబాద్ 2011 జనాభా లెక్కల్లోనే 55 లక్షలు దాటిన నగరం, మనది నాలుగు లక్షల పైచిలుకు. అక్కడే భూమి అమ్మకం అనుకున్నంత వేగంగా సాగలేదు. పైగా మన రాష్ట్ర 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల వరకు కట్టడాలకు వీల్లేదు. ఆ హద్దును జలవనరుల శాఖ, రెవెన్యూ శాఖ కలిసి తేల్చాలి. మాల్ కడతాం, హోటల్ కడతాం, ఆ ఆదాయంతో తీరాన్ని చూసుకుంటాం అని ఏ కంపెనీ ముందుకొచ్చినా ఆ 50 మీటర్ల గీత ఎక్కడ గీశారో ముందు చూపించమనండి.

వేసవి నీళ్ల మాట కూడా ఉంది. సబర్మతిలో మీరు చూసినవి చాలావరకు నర్మదా కాలువ నుంచి తెచ్చి పోసిన నీళ్లు. కింద వాస్నా బ్యారేజీ వాటిని పట్టి నిలుపుతుంది కాబట్టి ఏడాది పొడవునా నిండుగా కనిపిస్తాయి. మన తుంగభద్రలో ఎండాకాలం ఇసుక, చెలమలు. పైన సుంకేసులలో నిలిచేది 1.2 టీఎంసీలు, దాని మీద ఊరి తాగునీటి ఆశ, కేసీ (కర్నూలు–కడప) కాలువ రైతుల ఆశ రెండూ ఉన్నాయి. ఊరి ముందు అడ్డుకట్ట వేసి నీళ్లు నిలుపుదాం అంటే తుంగభద్ర నీటికి ట్రిబ్యునల్ రాష్ట్రాల మధ్య పంచిన వాటాలు ఉన్నాయి, పైగా అవతలి గట్టు తెలంగాణది. మన సంకల్‌బాగ్ ఘాట్ మెట్ల మీద కూర్చుని చూస్తే కనబడే అవతలి ఒడ్డు జోగులాంబ గద్వాల జిల్లా. కాబట్టి కర్నూలు తీరం అంటే ఒక గట్టు ప్రాజెక్టే. ఈ గట్టున గోడ లేపితే ఆ గట్టు పొలాల మీద వరద ఎంత పెరుగుతుందో లెక్క కట్టి, ఆ ఊళ్ల వాళ్లకు చెప్పి, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. ఏళ్లు పట్టే ఈ పని ఏ ప్రగతి నివేదికలోనూ ఒక శాతంగా కనబడదు.

భాగస్వామ్యం అంటే డబ్బు ఎట్లా వస్తుంది అన్నారు. మూడు దారులున్నాయి. వచ్చేపోయే జనం దగ్గర టికెట్లు, పార్కింగు, దుకాణాల అద్దెలతో కంపెనీ తన ఖర్చు రాబట్టుకోవడం ఒకటి. పార్కుకు, ఫుడ్ కోర్టుకు అది చాలుతుంది, వరద గోడకు చాలదు. రెండోది వయబిలిటీ గ్యాప్ ఫండింగ్. ఆదాయం చాలని ప్రాజెక్టుకు సాధారణంగా కేంద్రం 20 శాతం వరకు, ఆ పని చేపట్టిన రాష్ట్రం లేదా సంస్థ మరో 20 శాతం వరకు గ్రాంటుగా ఇచ్చే పద్ధతి. మూడోది యాన్యుటీ. కంపెనీ కడుతుంది, ప్రభుత్వం ఏళ్ల తరబడి కిస్తీలు కడుతుంది. హైబ్రిడ్ యాన్యుటీ అనే పద్ధతిలో నిర్మాణ సమయంలోనే 40 శాతం ఇచ్చి, మిగతా 60 శాతం తర్వాత కిస్తీల్లో ఇస్తారు. గంగానది శుద్ధిలో వారణాసి, హరిద్వార్ మురుగుశుద్ధి కేంద్రాలను మొదట ఈ పద్ధతిలోనే ఇచ్చారు. పదిహేనేళ్ల కిస్తీ, శుద్ధి చేసిన నీళ్లు ప్రమాణాలకు తగ్గట్టు వస్తేనే పూర్తి చెల్లింపు. నేను చూసినంతలో నదీతీరాల విషయంలో ప్రైవేటు భాగస్వామ్యం నిజంగా పనికొచ్చే చోటు ఇదే. గోడ కట్టి వెళ్లిపోయేవాడి కన్నా, పదిహేనేళ్లు రోజూ మురుగు శుద్ధి చేసి చూపితే గానీ డబ్బు రానివాడు ఊరికి మేలు.

ఈ భాగస్వామ్యం మనకు కొత్తదని కూడా అనుకోకండి. కేసీ కాలువ ఎవరు తవ్వించారో అడిగి చూడండి. 1860లలో దాన్ని తవ్వింది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే లండన్ ప్రైవేటు కంపెనీ. నీళ్లు అమ్ముకోవచ్చు, పడవలు నడుపుకోవచ్చు, లాభాలు వస్తాయి అన్న అంచనాలతో దిగింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువ అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చు మింగింది, రైతులు అనుకున్నంతగా నీళ్లు కొనలేదు. కంపెనీ నిలదొక్కుకోలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. వాటాదారుడికి హామీ అందింది, నష్టం ఖజానాకు మిగిలింది. కాలువ మాత్రం మనకు దక్కింది, ఈ రోజుకీ దాని మీద పొలాలు పండుతున్నాయి, అందుకు సంతోషమే. ఒప్పందంలో నష్టం ఎవరి నెత్తిన పడుతుందో రాసిన పేజీ ముఖచిత్రం కన్నా ముందు చదవాలని నాకు నేర్పింది ఆ కాలువ చరిత్రే.

ఆ పేజీలు ఏవో చెబుతాను. వరద వచ్చి కట్టినదంతా పోతే ఏమిటి? ఒప్పందాల్లో దీన్ని ‘ఫోర్స్ మజూర్’ అంటారు. ప్రకృతి వైపరీత్యం వస్తే సాధారణంగా ఎవరి ఖర్చు వాళ్లు భరించాలి, కంపెనీ బీమా చేయించి ఉండాలి. తుంగభద్ర ఒడ్డున వరదను ‘అనుకోనిది’ అని రాయడానికి నేను ఒప్పుకోను. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కర్నూలు దాకా హెచ్చరికలు వచ్చాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. ఏ మట్టం దాకా వచ్చే వరదను కంపెనీ తట్టుకోవాలి, ఏ మట్టం దాటితే వైపరీత్యం అనేది అడుగుల్లో, అంకెల్లో రాసి ఉండాలి. రెండో పేజీ, మధ్యలో ఒప్పందం రద్దయితే ఇచ్చే పరిహారం. హైవేల నమూనా ఒప్పందంలో, పని పూర్తయి నడుస్తున్నాక కంపెనీ తప్పు వల్లే రద్దయినా బ్యాంకు అప్పులో 90 శాతం వరకు ప్రభుత్వం చెల్లించే నిబంధన ఉంది, బీమా సొమ్ము పోను. ఆ నిబంధన పెట్టకపోతే బ్యాంకులు అప్పివ్వవు, అర్థం చేసుకోవచ్చు. కానీ మునిసిపాలిటీ స్థాయి సంస్థ అలాంటి సంతకం పెడుతుంటే ఊరికి తెలియాలి.

ఇప్పుడు మీ 60 శాతం సంగతి.

ప్రగతిని రెండు రకాలుగా చెబుతారు. భౌతిక ప్రగతి అంటే ఎంత పని జరిగింది, ఆర్థిక ప్రగతి అంటే ఎంత డబ్బు ఖర్చయింది. పేపర్లో ఏది వచ్చిందో చాలాసార్లు రాయరు. రెంటికీ ఎంత తేడా ఉండొచ్చో లక్నో చూపించింది. గోమతి తీరం పనికి కేటాయించిన సుమారు 1,500 కోట్ల రూపాయల్లో 95 శాతం డబ్బు అయిపోయింది, పని మాత్రం 60 శాతమే అయింది అని 2017లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వమే చెప్పింది. తర్వాత విచారణలు, సీబీఐ కేసు. ఒకే ప్రాజెక్టు, ఏ అంకె అడిగితే ఆ జవాబు.

భౌతిక ప్రగతి అయినా ఒకే ముద్ద కాదు. పని మొత్తాన్ని ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక బరువు ఇస్తారు. గోడకు 40, మట్టిపనికి 20, నడకదారికి 15, మురుగు మళ్లింపుకు 10, ఇట్లా. ఈ బరువులు ఖర్చును బట్టి పడతాయి, ఊరికి అవసరాన్ని బట్టి కాదు. అందువల్ల ఖర్చు ఎక్కువ, అడ్డంకులు తక్కువ ఉన్న పనులు ముందు చేస్తే శాతం పరుగెత్తుతుంది. నేను పనిచేసిన ఒక చోట, ఊరి పేరు వద్దు, ఇదే జరిగింది. నా నివేదికలో 62 శాతం అని రాశాను. లెక్క ప్రకారం అది నిజమే. గోడ లేచింది, మట్టి నిండింది, నడకదారి మీద రాళ్లు కూడా పరిచారు. కానీ ఊరి మురుగును పట్టి శుద్ధి కేంద్రానికి మోసుకుపోవాల్సిన పెద్ద పైపు ఒక్క మీటరు పడలేదు. ఆ పైపు పోవాల్సిన దారిలో ఇళ్లున్నాయి, ఆ ఇళ్ల వాళ్లకు చోటు చూపలేదు. మొదటి వానకు కొత్త గోడ వెనక మురుగు నిలిచి, పక్క బస్తీ ఇళ్లలోకి మోకాటి లోతు వచ్చింది. గోడ లేనప్పుడు ఆ నీళ్లు నదిలోకి పోయేవి. ఒక ఆడమనిషి నన్ను పిలిచి తన వంటింట్లో నీళ్లు చూపించింది. నా 62 శాతం పక్కన ఆ వంటింటికి గడి లేదు. ఆ నెల నుంచి ప్రతి నివేదికలో మురుగు పైపు అంకెను మొత్తంలో కలిపేయకుండా విడిగా, మొదటి పేజీలోనే రాయడం మొదలుపెట్టాను. అది నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, అయినా మానలేదు. ముందు నెలలు అట్లా రాయనందుకు నాకు ఈ రోజుకీ బాధే.

కాబట్టి మొత్తం శాతం అడగొద్దు. నెలవారీ ప్రగతి నివేదికలో ఏ పనికి ఎంత బరువు, ఒక్కోటి ఎంతయింది అనే పట్టిక ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి దాన్నే అడగండి. ఒప్పందంలో కంపెనీకి పని మొదలుపెట్టమని చెప్పే తేదీని ‘అపాయింటెడ్ డేట్’ అంటారు. ఆ తేదీకి ముందు ప్రభుత్వం తీర్చాల్సిన షరతులు ఉంటాయి: స్థలం అప్పగించడం, పర్యావరణ అనుమతులు, నది హద్దు ఖరారు. కంపెనీ వైపు నుంచి బ్యాంకు అప్పు ఖాయం కావాలి. ఈ షరతులు తీరకుండా శంకుస్థాపన రాయి వేస్తే పని ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం ఖర్చు చివరికి ఊరి మీదే పడొచ్చు. శంకుస్థాపన ఎప్పుడు అని అందరూ అడుగుతారు. మీరు అపాయింటెడ్ డేట్ ఖరారైందా అని అడగండి.

మురుగు గురించి ఇంకో మాట. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో కలుషిత నదీ భాగాల జాబితా ఇచ్చినప్పుడు మన రాష్ట్రం నుంచి ఉన్న వాటిలో మంత్రాలయం నుంచి బావాపురం వరకు తుంగభద్ర ఒకటి, నంద్యాల దగ్గర కుందూ ఒకటి. హంద్రీ పరిస్థితి మీకు రోజూ కనబడుతూనే ఉంది. ఎండాకాలం అందులో పారేది ఏమిటో, ఆ వాసన మధ్య మీ అమ్మ కిటికీలు మూసుకుని ఎట్లా ఉంటోందో నేను ఊహించగలను. తీరం బాగుపడటం అంటే నా లెక్కలో మొదటి మెట్టు అదే. 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 వరకు తుంగభద్ర పుష్కరాలు జరిగాయి, ఊళ్లో ఘాట్లు సిద్ధం చేశారు. తర్వాతి పుష్కరాలు 2032లో. ఆ పన్నెండేళ్ల గడువు నిజంగా మంచి గడువు. ఆలోపు హంద్రీలోకి శుద్ధికాని మురుగు పడటం ఆగిపోతే, నడకదారి ఒక్కటి లేకపోయినా కర్నూలు తీరం బాగుపడిందని నేను ఒప్పుకుంటాను.

ఇళ్ల గురించి అమ్మకు చెప్పండి. అహ్మదాబాద్‌లో ఒడ్డు మీది పది వేలకు పైగా కుటుంబాలను వేరే చోట్లకు పంపారు. ఊరికి దూరంగా వేశారని, పనులు పోయాయని వాళ్లు హైకోర్టుకు వెళ్లాకే చాలామందికి ఇళ్ల హామీ దక్కింది. మన దగ్గర కేంద్ర భూసేకరణ చట్టం 2013లో వచ్చింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టు కోసం భూమి తీసుకుంటే బాధిత కుటుంబాల్లో 70 శాతం మంది ముందుగా ఒప్పుకోవాలని, పూర్తిగా ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం అని ఆ కేంద్ర చట్టంలో ఉంది, రాష్ట్రం దానికి తర్వాత చేసిన సవరణలు కూడా చూసుకోండి. పట్టా లేని ఇంటికి ఇది నేరుగా వర్తించదు అని అధికారులు అనవచ్చు. కానీ ఆ చట్టంలో ‘బాధిత కుటుంబం’ అన్న మాట భూమి యజమాని ఒక్కడితో ఆగలేదు. ఆ స్థలం మీద ఏళ్లుగా బతుకు ఆధారపడిన వాళ్లు కూడా అందులోకి వస్తారు. మీ పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, ఓటరు జాబితా కాపీలు అన్నీ ఒక కవరులో పెట్టి ఉంచండి. ఒడ్డున బట్టలు ఉతికేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, కూరమడులు వేసుకునేవాళ్లు, వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. సర్వే బృందం వచ్చినప్పుడు వాళ్లను కూడా పిలుచుకొచ్చి రాయించండి. ఇది మీరు చేయగలిగిన పని, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నన్నడిగితే కర్నూలులో ఏం చేయాలి అంటారా? మొదటి పని హంద్రీది. మురుగు మళ్లింపు, శుద్ధి పదిహేనేళ్ల యాన్యుటీ ఒప్పందం కింద ప్రైవేటుకు ఇవ్వొచ్చు, ఫలితం చూసి డబ్బు. వరద గోడ, గేట్లు, పంపులు పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో, జలవనరుల శాఖ చేతుల్లో ఉండాలి. మనిషి ప్రాణానికి సంబంధించిన దాంట్లో లాభనష్టాల లెక్క కలపకూడదని నా అభిప్రాయం, దీనితో ఒప్పుకోని మంచి ఇంజినీర్లూ ఉన్నారు. ఆ పైన ఘాట్లు, నగరేశ్వరస్వామి గుడి పరిసరాలు, హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ గుంబద్, అక్కడి నుంచి కొండారెడ్డి బురుజు వైపు నడిచి పోయే దారి. వీటికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఆలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు ఇక్కడ నది దాటే ముందు ఆగి చక్రాలకు కందెన పూసుకునేవని, అందుకే ఈ ఊరు కందెనవోలు అయిందని చిన్నప్పుడు మా అందరికీ చెప్పేవారు. ఆ రేవు ఊరు నదికి వీపు తిప్పి ఎన్నేళ్లయిందో. ఆ ఒడ్డున సాయంత్రం మా మనవరాలిని వేలు పట్టుకుని నడిపించాలని నాకు చాలా ఆశ. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక మీరు వెంటనే చేయాల్సినది ఒకటి చెప్పి ఆపుతాను. మీ వీధిలో పాత ఇళ్ల గోడల మీద 2009 నీటి గీతలు ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి, సున్నం పొరల కింద. పెద్దవాళ్లను అడిగి వెతకండి. ఒక్కో గీత నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచి, పక్కన టేపు కనబడేలా ఫొటో తీసి, ఇంటి పెద్ద సంతకంతో కాగితం మీద రాయించండి. సర్వే తెలిసిన ఇంజినీరింగ్ విద్యార్థి ఒకరు లెవెల్ మిషన్ తెచ్చి వాటిని సముద్రమట్టానికి కలిపితే ఇంకా మంచిది. రేపు తీరం మీద ప్రజాభిప్రాయ సేకరణ అంటూ జరిగితే, నమూనాలో గోడ పైమట్టం ఎంత అని అడిగి, ఆ అంకె పక్కన మీ గీతల అంకె పెట్టండి. కొలవడానికి మనుషులు కావాలంటే నాకు రాయండి, ఆదివారాలు నేను వస్తాను, మా ఇంటి గోడ మీది గీతతోనే మొదలుపెడదాం.